ప్రిన్సుకు దాహం తగ్గుగాక!

మనుషుల సంగతి ఎలాగున్నా ఫరవాలేదు, కుక్కపిల్లలకు మాత్రం వంశపరీక్ష తప్పనిసరి! ఈ మాట నేను తొణక్కుండా బెణక్కుండా చెబుతున్నాను. కోపం వచ్చినవాళ్లు పేజీ తిప్పేసి సినిమా కబుర్లు చదువుకోవచ్చు.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ని. తెలియక చెబుతానా?

నాగలమడిక దగ్గర మా ఊళ్లో గుండప్పకు వేరుశనగ కాయలు ఒలిచే మిల్లుంది. మూడేళ్లుగా వానల్లేవు. మిల్లు నెలకు నాలుగు రోజులు తిరిగితే గొప్ప. అలాంటి మిల్లుకు కాపలా కావాలని ఈ ఉగాదికి గుండప్ప బెంగళూరు వెళ్లి ఒక అల్సేషియన్ కుక్కపిల్లను తెచ్చాడు. కాయలు రాలేదు గానీ కాపలా వచ్చింది. పేరు ప్రిన్సు.

పిల్లతోబాటు ఒక ఫైలు కూడా వచ్చింది. అబ్బ, ఏం ఫైలండీ అది! అయిదు తరాల వంశవృక్షం. తాతెవరు, ముత్తవ్వెవరు, ఎవరు ఏ షోలో కప్పు గెలిచారు, ఎవరికి ఏ జబ్బుండేది, అన్నీ టైపు కొట్టించి సీలు వేశారు. తల్లికీ తండ్రికీ తుంటి కీళ్ల ఎక్స్‌రేలు. ఇవి చాలవన్నట్టు, రక్తం చుక్కలోంచే వంశంలో దాగిన రోగాలను చదివే పరీక్ష కొత్తగా వచ్చిందట. ప్రిన్సు తల్లి రక్తం విమానమెక్కి ఫారిన్ వెళ్లి పాసై వచ్చింది. మా ఊళ్లో విమానం ఎక్కినవాళ్లెవరూ లేరు. ఎక్కిన రక్తం ఇదొక్కటే!

"తల్లిదండ్రులకు అయిదు తరాల దాకా చుట్టరికం లేదు" అని కూడా అందులో రాసుంది. నేను తెలుగులో చెప్పగానే అరుగు మీదున్న వాళ్లంతా తలలు దించుకున్నారు. మేనరికం కాని పెళ్లిళ్లను మా ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా పెళ్లి సంగతి ఇక్కడ అప్రస్తుతం.

మల్లేశప్పకు మాత్రం ఈ కాగితాలు నచ్చలేదు. వాళ్లది ఒకప్పుడు గొర్రెల మంద వెంట నడిచిన ఇల్లు. కుక్కపిల్లను మెడ తోలు పట్టి పైకెత్తితే కుయ్యిమనకూడదు. నోరు తెరిస్తే అంగిలి నల్లగా ఉండాలి. వాళ్ల పరీక్ష అంతే, సీలూ లేదు, స్టాంపూ లేదు. ప్రిన్సును ఎత్తి చూశాడు. అది నాలుగు వీధులకు వినబడేట్టు ఏడ్చింది.

"ఫెయిలప్పా ఇది! సర్టిఫికెట్టు ఉండాది గానీ ధైర్యం లేదు," అని రిజల్టు చెప్పి వెళ్లిపోయినాడు.

నవ్వకండి. వంశపరీక్ష మనకు మాత్రం కొత్తా? అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూసి పిల్లనివ్వమన్నారు పెద్దలు. మా ఊళ్లో ఆ పని మరీ శ్రద్ధగా చేస్తాం. ఎందుకంటే మా ఊళ్లో నలభై దాటినవాళ్లు చాలామంది వంగి చెప్పు తొడుక్కోలేరు. మోకాళ్లు వంకర. పిల్లలకు పళ్ల మీద పసుపు చారలు. ఎవరి కాళ్లు వంకరపోతే వాళ్ల ఇంటిని "ఆ వంశమే అంత" అనేస్తాం. ఆ ఒక్క మాటతో కుదిరిన సంబంధాలు ఎన్ని తప్పిపోయాయో!

మా ఎదురింటి ఓబక్కనే తీసుకోండి. కొడుక్కు మేనరికం చెయ్యకుండా, పక్క వీధి నల్లమ్మ కూతుర్ని తెచ్చుకుంది. మనవరాలు కాటమ్మకు నాలుగేళ్లు. నడిస్తే మోకాళ్లు రెండూ ఒరుసుకుంటాయి. పది అడుగులు వేసి కూర్చుండిపోతుంది. అంతే, వియ్యపురాళ్లిద్దరికీ యుద్ధం మొదలైంది.

"మా పుట్టినూరు నిడుగల్లులో కొండెక్కి దిగే కాళ్లు మావి. ఈ వంకర మీ ఇంట్లోంచే వచ్చినాది!" అని ఓబక్క.

"ముందు నీ మోకాళ్లు చూసుకో వదినా, ఆమీట మా వంశం గురించి మాట్లాడు!" అని నల్లమ్మ.

తొమ్మిది నెలలు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. పాప మాత్రం ఇద్దరి వంశాలనూ మోకాళ్లలో మోస్తూ గోడ పట్టుకుని నడిచేది.

ఇక ఆ ఫైలు చివర్లో ఉన్న గ్యారంటీ సంగతికి వద్దాం. రెండేళ్ల లోపు ప్రిన్సు కాళ్లు వంకరపోతే ఇంకో పిల్లను ఉచితంగా ఇస్తారట. షరతు ఒక్కటే, ఇంట్లో వాడే నీళ్లు పరీక్ష చేయించాలి. గుండప్ప షరబత్తు సీసా కడిగి, స్కూలు పక్కనున్న బోరు నీళ్లు పట్టి బస్సులో బెంగళూరు పంపించాడు. ఊరంతా తాగేది ఆ బోరు నీళ్లే.

పదిహేను రోజుల్లో రిపోర్టు! ఇంగ్లీషులో ఉందని నన్ను పిలిచారు. అరుగు మీద నిలబడి చదివి చెప్పాను. "ఈ నీళ్లలో ఫ్లోరైడు హద్దు మీరి ఉంది. కుక్కపిల్లకు తాగించరాదు. ఎముకలు వంగిపోతాయి. తాగిస్తే గ్యారంటీ చెల్లదు."

"ఎవరి ఎముకలు, అయివారూ?" అంది ఓబక్క.

"కుక్కపిల్లవక్కా."

"మరి మనవి?"

"మన గురించి రాయలేదు. మనకు గ్యారంటీ లేదు కదా," అన్నాను.

నీటికి రంగు, రుచి, వాసన ఉండవని ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. బల్ల మీద గాజు గ్లాసులో పెట్టి చూపించింది ఆ బోరు నీళ్లనే! పాఠం అయ్యాక ఆ గ్లాసు ఎత్తి తాగిందీ నేనే. ఒక్క సీసా అయినా పరీక్షకు పంపించాలని తోచలేదు. సిగ్గుగా ఉంది.

రిపోర్టు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. పేరెందుకు లెండి. అక్కడి గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు.

"ఏంది సారూ, ఇది కుక్క పేరు మీద వచ్చిన రిపోర్టు. మనుషుల పేరు మీద వేరే అర్జీ పెట్టుకోండి."

పెట్టుకున్నాం. అయిదు నెలలైంది. పరిశీలనలో ఉంది.

ఈలోగా ప్రిన్సుకు బెంగళూరు బస్సులో రోజూ రెండు క్యాన్ల మంచినీళ్లు దిగుతున్నాయి. లగేజీ టికెట్టు కొట్టించి సీటు మీదే కూర్చోబెడతారు, ఒలికిపోకూడదు కదా. ఆ మధ్య పావగడలో మోకాళ్లకు సూది వేయించుకున్న ఓబక్క, అదే బస్సులో ఆ క్యాన్ల పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడి ఊరు చేరింది. టికెట్టున్న నీళ్లను లేపడం న్యాయం కాదని కండక్టరు అన్నాడు. న్యాయమే!

ఆ మర్నాడు పొద్దున్నే గుండప్ప గేటు ముందు ఒక వింత చూశాను. ఓబక్కా నల్లమ్మా, ఇద్దరూ, చేతిలో చెంబుతో! మధ్యలో కాటమ్మ.

"గుండప్పా, కుక్కపిల్ల తాగినాంక మిగిలిన నీళ్లుంటే ఈ చెంబులో పోయప్పా. పాపకు," అంది ఓబక్క.

"మా ఇద్దరి వంశాల్లోనూ ఏమీ లేదంట. నీ కుక్క చెప్పినాది," అంది నల్లమ్మ.

గుండప్ప చెడ్డవాడేమీ కాదు. కాసేపు ప్రిన్సు వైపు, కాసేపు పాప కాళ్ల వైపు చూశాడు. "దినమూ రాండమ్మా. దాని తాగుడు అయినాంక క్యాన్లో మిగిలింది మీదే," అన్నాడు. పూర్తి క్యాను ఇస్తాననలేదు. గ్యారంటీ ప్రిన్సుది మరి.

కాబట్టి పాఠకులారా, ఇప్పుడు చెప్పండి! వంశపరీక్ష ఆడంబరమా? అది లేకపోతే మా ఊరి నీళ్లను ఎవరు పరీక్ష చేసేవారు? ఇద్దరు వియ్యపురాళ్లను ఎవరు కలిపేవారు? ప్రభుత్వం వెంటనే ఒక స్కీము పెట్టి, మా తాలూకాలో ఇంటికొక పెడిగ్రీ కుక్కపిల్లను ఇవ్వాలని నా డిమాండు. మాకు నీళ్లు అక్కర్లేదు. ఆ పిల్లలకు పంపండి చాలు, మిగిలినవి మా పిల్లలు తాగుతారు.

ఒక్కటే చిక్కు. కుక్కపిల్ల ఎదుగుతోంది. మొదట్లో చెంబు నిండేది, ఇప్పుడు సగానికే వస్తోంది. అందుకని ఓబక్కా నల్లమ్మా కలిసి శనివారం శనివారం ఒక్కపొద్దు ఉంటున్నారు. వాన కోసమేమో అనుకుని అడిగాను.

"వాన కాదు అయివారూ," అంది ఓబక్క. "ప్రిన్సుకు దాహం తక్కువ చెయ్యి స్వామీ అని."