కోతుల చేనులో మూగ సైరన్

కోతులు అప్పటికే చేనులో దిగి మక్క కంకులు ఒలుస్తున్నాయి. వాటిని బెదరగొట్టాల్సిన పెట్టె గట్టు మీది స్తంభానికి వేలాడుతోంది, నోరు మెదపకుండా. రాజమల్లు చేతిలోని ఫోన్ మాత్రం పచ్చటి అక్షరాలతో ప్రకటిస్తోంది: 'సైరన్ మోగుతోంది!'

"మోగుతాందట!" అని రాజమల్లు ఫోన్‌ను భార్య వైపు తిప్పాడు.

"మరి గా కోతులకు సుత చూపియ్యి. సదువుకొని ఎల్లిపోతయ్!" అంటూ చిలుకమ్మ కట్టె పట్టుకుని చేనులోకి ఉరికింది.

పాఠకులారా! నేను ఆ గట్టు మీదే ఉన్నాను. మా అన్న కూతురు షారోన్ ఈ పెట్టెలు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. ఫిర్యాదు వచ్చిందని బయలుదేరితే, మట్టెవాడ నుంచి నా కారులో తీసుకొచ్చాను. వచ్చినందుకు నా జన్మ ధన్యమైంది. అవసరమైనప్పుడు పనిచేయని యంత్రమే మనిషికి దొరికిన అసలైన వరమని అక్కడే తెలుసుకున్నాను!

నవ్వుతున్నారా? నవ్వండి. ముందు సంగతి వినండి.

ఈ పెట్టెను నడిపేది ఒక చిప్. చిప్ అంటే గోరంత ఇల్లు అనుకోండి. అందులో గదులుంటాయి. ఒక్కో గదికి ఒక్కో కరెంటు స్విచ్. ఆ స్విచ్‌లు వేసేదీ తీసేదీ డ్రైవర్. డ్రైవర్ అంటే స్టీరింగ్ పట్టుకునే మనిషి కాదు, చిప్‌కు పని చెప్పే సాఫ్ట్‌వేర్. షారోన్ ఈ మాట చెప్పకముందు రాజమల్లు, "గా డ్రైవర్ నంబరియ్యి బిడ్డా, నేను మాట్లాడుత," అని పట్టుబట్టాడు పాపం.

పని లేని గదికి కరెంటు తీసేస్తే బ్యాటరీ మిగులుతుంది. ఎంత పొదుపు! మా ఇంట్లో నా భార్య విమల కూడా ఇదే పని చేస్తుంది. కాకపోతే బాత్రూం స్విచ్ మీద చెయ్యి వేసేముందు, "లోపట ఎవరన్న ఉన్నరా?" అని ఒక కేక పెడుతుంది. పాతకాలపు మనిషి!

ఈ పెట్టె అలాంటిది కాదు, అత్యాధునికం. ఇందులో కెమెరా, సైరన్ ఒకే గదిలో కాపురముంటాయి. చేనులో ఏదైనా కదిలితే కెమెరా మేలుకుంటుంది. కోతి అని గుర్తుపడుతుంది. సైరన్‌ను లేపుతుంది. ఇక తన పని అయిపోయింది కనుక, పోతూ పోతూ డ్రైవర్‌తో గదికి కరెంటు తీయించేస్తుంది! అరవడానికి ఊపిరి పీల్చిన సైరన్ అలాగే నోరు తెరుచుకుని చీకట్లో ఉండిపోతుంది.

ఇక డ్రైవరు? అది సైరన్‌కు మోగమని ఆజ్ఞ ఇచ్చింది. మోగిందో లేదో చూడటం దాని డ్యూటీ కాదు. చెప్పాం కనుక జరిగినట్టే! వెంటనే ఫోన్‌కు పచ్చ అక్షరాలు పంపేసింది.

దీన్ని మించిన ప్రశాంతమైన జీవన విధానం ఎక్కడైనా ఉందా?

లాభాలు చూడండి. ఊళ్లో శబ్ద కాలుష్యం సున్నా. కోతులు అంత హడావుడి చేసినా బ్యాటరీ చెక్కు చెదరలేదు. అడవి జంతువులను చూడటానికి జనం పిల్లాజెల్లాతో ఏటూరునాగారం దాకా పోతున్నారు. రాజమల్లుకు సొంత చేనులోనే దర్శనం! ఇక చిలుకమ్మ చేనుకు ఆ చివరా ఈ చివరా పరుగెత్తుతున్న తీరు చూస్తే హన్మకొండలోని జిమ్ములన్నీ సిగ్గుతో షట్టర్లు దించుకోవాలి.

ఈ డ్రైవర్‌ను దేశమంతటా ఎక్కించాలన్నది నా డిమాండ్! బస్సు హారన్‌కు పెట్టండి. అద్దం మీద 'హారన్ మోగింది' అని పడుతుంది, చౌరస్తాలో ధ్యానమందిరమంత నిశ్శబ్దం. దవాఖాన లిఫ్టుకు పెట్టండి. 'మూడో అంతస్తు వచ్చింది' అని ప్రకటిస్తుంది, మీరు కిందే ఉంటారు. డాక్టరును చూసినట్టూ లెక్కే, మందులు మింగే బాధా తప్పింది! అలారం గడియారానికి పెట్టండి. 'సార్ నిద్ర లేచారు' అని అదే ఆఫీసుకు కబురు పంపుతుంది. నాయకుల మైకుకు మాత్రం అన్నిటికన్నా ముందు పెట్టండి, దయచేసి!

ఫైరింజన్ సంగతి నేను చెప్పను. 'మంటలు ఆరిపోయాయి' అని ఫోన్‌లో వచ్చాక పొగను పట్టించుకునేవాడు ఛాందసుడు.

నేను ఈ ఆనందంలో ఉండగానే కంపెనీ మేనేజర్ శ్యాంసుందర్ కారు దిగాడు. దిగుతూనే నేరస్థులను పట్టేశాడు.

"వానకు తడిసి ఉంటుంది," అన్నాడు.

"లోపల పొడిగానే ఉంది సార్," అంది షారోన్.

"అయితే కోతులు సౌండ్‌కు అలవాటుపడ్డాయి."

చెమటలు కారుతూ గట్టెక్కిన చిలుకమ్మ కట్టె మీద వాలి నిలబడింది. "మోగందానికి ఎట్ల అలవాటైతయ్ సారూ? గవి కోతులా, జోతిష్యులా?"

శ్యాంసుందర్ రాజమల్లు వైపు తిరిగాడు. "నువ్వే పెట్టె విప్పి గెలికినవ్. రైతు గెలికితే గ్యారంటీ వర్తించదు. మేం చేసేదేమీ లేదు."

ఇక్కడ కొంచెం ఆగుదాం. చేను సగం పోయింది. మిగిలిన సగమే ఆ దంపతులకు ఈసారి పంట. వేపచెట్టు మీద కోతులు రెండో బంతికి కూర్చున్నట్టు వరుసగా కూర్చున్నాయి. తప్పు రాజమల్లుదైతే పెట్టె ఇలాగే మూగగా వేలాడుతుంది. తప్పు కంపెనీదైతే ఇక్కడే కాదు, అమ్మిన ప్రతి ఊళ్లోనూ పెట్టెలకు కొత్త డ్రైవర్ ఎక్కించాలి. మేనేజరుకు ఏది తేలికో వేరే చెప్పాలా?

షారోన్ ల్యాప్‌టాప్ తీసి పెట్టెకు వైరు తగిలించింది. కెమెరా బొమ్మ తెర మీదికొచ్చింది. చెట్టు మీంచి ఒక కోతి దూకింది.

సైరన్ కేక వేసింది! నా చెవులు గింగురుమన్నాయి. వేపచెట్టు క్షణంలో ఖాళీ.

"చూశారా? బ్రహ్మాండంగా పనిచేస్తోంది!" శ్యాంసుందర్ చప్పట్లు కొట్టాడు.

"ల్యాబ్‌ల గూడ గిట్లనే కొట్టిన్రు సార్ చప్పట్లు," అంది షారోన్. "వచ్చినోళ్లకు చూపెట్టాలని కెమెరాను టీవీకి తగిలిచ్చినం. బొమ్మ వస్తున్నంతసేపు కెమెరాకు పనే. అది గది ఇడిసి పోలే, కరెంటు తియ్యలే. అందుకే మోగింది. ఇప్పుడు చూడుండ్రి."

వైరు పీకి, ల్యాప్‌టాప్ తెర మీద ఒక కోతి బొమ్మ పెట్టి కెమెరా ముందు ఊపింది. ఫోన్‌లో 'సైరన్ మోగుతోంది!' చేనులో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

శ్యాంసుందర్ గొంతు సవరించుకున్నాడు. "ఇది ఎవరి తప్పూ కాదమ్మా. సిస్టమ్‌లో దానంతట అదే అలా అయింది."

చూశారా పాఠకులారా, నేను ఇంతసేపు పొగిడిన వరంలో ఒక్కటే లోటు. ఇచ్చిన మహానుభావుడి పేరు ఎక్కడా ఉండదు! మన దగ్గర అన్నీ దానంతట అవే అవుతాయి. నిన్న వేసిన రోడ్డు దానంతట అదే గుంతలు పడుతుంది. నల్లా దానంతట అదే ఆగిపోతుంది. మోగని సైరన్ మోగినట్టు ఫోనులో దానంతట అదే రాసుకుంటుంది. యంత్రం నిద్రపోతే నాకు కోపం లేదు. నిద్రపొమ్మని చెప్పినవాడు యంత్రం వెనక దాక్కుంటాడే, వాణ్ని చూస్తే ఒళ్లు మండుతుంది.

రాజమల్లు ఫోన్‌ను అంగీ జేబులో పెట్టుకుని షారోన్ ముందుకొచ్చాడు.

"బిడ్డా, నేను గెలకలేదని నీకెరుకే. డబ్బకు బుద్ధుండదు, ఒప్పుకుంట. గని సైరన్ మోగుతాంటె కరెంటు తియ్యిమని దానికి ఎవలో చెప్పాలె గద?"

"షారోన్, వైర్లు సర్దు. వెళ్దాం," అన్నాడు మేనేజరు. "ఉద్యోగం సంగతి గుర్తుంది కదా?"

షారోన్ వైర్లు సర్దలేదు.

"కెమెరా పోయినా సైరన్ ఆగేదాక కరెంటు ఉండేటట్టే నేను రాసిన పెద్దయ్యా. గట్లయితే బ్యాటరీ జల్ది దిగుతాందని, డబ్బ మీద 'ఒకే చార్జింగ్, సీజనంతా' అని అచ్చేసుకున్నమని, నాతోని ఆ లైను తీపిచ్చిండ్రు."

"ఎవలు బిడ్డా?"

షారోన్ వేలు ఎత్తి చూపించింది. గట్టు అవతల ఉన్నవాళ్లకు కూడా వినిపించేటట్టు చెప్పింది.

"ఈయననే. మా మేనేజర్ శ్యాంసుందర్ సార్!"