గొలుసు లాగితే కదిలే కార్యాలయం

లైసెన్సుల కార్యాలయంలో పని జరగదని గిట్టనివాళ్ళు కొందరు పుకార్లు పుట్టిస్తుంటారు. వాళ్ళ నోట్లో మన్ను పడ! అక్కడ రోజుకి నాలుగుసార్లు పని జరుగుతుంది. జరిగినప్పుడల్లా పన్నెండు నిమిషాలపాటు జరుగుతుంది. ఈ సంగతి పైపుల మేస్త్రీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. లైసెన్సు పొడిగింపు కోసం ఆయన ఏడు నెలలుగా ఆ హాల్లోనే, కాలు విరిగిన బెంచీకి నాలుగో కాలుగా కూర్చుంటున్నాడు మరి.

ఇందులో పెద్ద పరిపాలనా రహస్యమేం లేదు. పెద్దసారుగారి గదిని ఆనుకుని తాతలనాటి బాత్రూమ్ ఒకటుంది. కమోడ్ మీద, పైకప్పుకి దగ్గరగా ఇనప ట్యాంకు, దానికో గొలుసు. లాగితే చాలు, ట్యాంకు భోరుమని, గోడల్లో గొట్టాలన్నీ మూలిగి, మూడంతస్తులూ అదిరిపోయేవి. సారు బయటికొస్తున్నారన్నమాట! వెంటనే హెడ్ గుమాస్తా తల లేచేది. కీబోర్డులు టకటకలాడేవి. ఫైళ్ళు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి పరుగులు తీసేవి. సారు చేతులు తుడుచుకుంటూ హాలంతా ఒక చుట్టు చుట్టి, "బాగుంది, బాగుంది" అని లోపలికి వెళ్ళిపోయేవారు. కార్యాలయం యథాస్థితికి వచ్చేది.

మేస్త్రీకి ఇక ఆగే వ్యవధి లేదు. కొత్త ఆసుపత్రి భవనంలో పైపుల పని సోమవారం మొదలు. లైసెన్సు చూపిస్తే ఆ పని ఆయనది, చూపించకపోతే బావమరిదిది. "పోనిద్దురూ, మా తమ్ముడేమైనా పరాయివాడా?" అని కంచం ముందు పెడుతూ భార్య రోజూ ఓదార్చేది. ఆ ఓదార్పుకి పాపం ఆయనకి ముద్ద దిగేది కాదు.

బుధవారం పెద్దసారు ఆయన్ని లోపలికి పిలిపించారు.

"ఏమయ్యా, నేను బాత్రూమ్‌కెళ్ళిన సంగతి ఈ గొలుసు ట్యాంకు ఊరంతా దండోరా వేస్తోంది. అధికారి గౌరవమేం కాను? చప్పుడు లేనిది పెట్టు."

మేస్త్రీ బాత్రూమ్ తలుపు తీశాడు. కమోడ్ పక్కనే ఇంకో పింగాణీ తొట్టి కనిపించింది. కూర్చుని కడుక్కోవడానికి, కింది నుంచి నీళ్ళు పైకి చిమ్మే బిడే అది. దాని ఉపయోగమేమిటో వరసగా తొమ్మిదిమంది అధికారులకి తెలియలేదు, అడుగుదామంటే హోదా అడ్డొచ్చింది. అందుకని అందులో పెండింగ్ ఫైళ్ళు పెట్టేవారు. కార్యాలయం మొత్తంలో వాన కారని చోటు అదొక్కటేనట. పైనుంచి మూడోది మేస్త్రీ ఫైలే! తప్పిపోయిన బిడ్డ కనబడ్డట్టయింది ఆయనకి. అయినా ముట్టుకోలేదు. ఫైలు దానంతటది కదలాలి గానీ జనం కదిలించకూడదని హాల్లో బోర్డు ఉంది.

సాయంత్రానికల్లా గొలుసు పోయి మీట వచ్చింది. నొక్కితే పిల్లి నడిచినంత చప్పుడైనా లేదు.

గురువారం పొద్దున్నే పెద్దసారు చడీచప్పుడూ లేకుండా హాల్లో ప్రత్యక్షమయ్యారు. హెడ్ గుమాస్తా గుర్రు పెడుతున్నాడు. జమా గుమాస్తా కాలిగోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. రికార్డులు చూసే ఆవిడ ఫోన్లో అత్తగారితో పోట్లాడుతూ, సరిగ్గా గెలవబోతోంది. పదకొండు మందికి మెమోలు అందాయి. ఇక అప్పట్నుంచి కార్యాలయమంతా సంజాయిషీలు రాయడంలో తలమునకలైపోయి, జరిగే ఆ నాలుగు పన్నెండు నిమిషాల పనీ ఆగిపోయింది.

హెడ్ గుమాస్తా మేస్త్రీని మెట్ల కిందికి లాక్కెళ్ళాడు.

"ఎంత పని చేశావయ్యా! ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను పట్టపగలు దొరికిపోవడం ఇదే మొదలు. ఆ మోత మళ్ళీ పెట్టెయ్, నీకు పుణ్యముంటుంది."

"సారు ఒప్పుకోవద్దూ?"

"ఆ సంగతి నాకొదిలెయ్. నీ లైసెన్సు గడువు దాటిపోయింది కదూ?"

"దాటి ఏడు నెలలైంది. దాటించింది మీరేగా!"

"భేష్!" అన్నాడు హెడ్ గుమాస్తా మనస్ఫూర్తిగా.

శుక్రవారం సారు బల్ల మీద ఒక నోట్ ఉంది. "లైసెన్సు లేని వ్యక్తి అమర్చిన ఫ్లష్‌ను లైసెన్సుల అధికారి వాడుట నిబంధనలకు విరుద్ధము. వాడిన ప్రతిసారి ఒక్కొక్క ఉల్లంఘనగా పరిగణింపబడును. కావున దానిని తక్షణము తొలగించి, పాతదానినే తిరిగి బిగించవలెను. తొలగించుటకు లైసెన్సు గల మేస్త్రీ అవసరము. దాని లోతుపాతులు తెలిసినది అమర్చినవానికే. కావున అతని లైసెన్సును అత్యవసరముగా పొడిగించవలెను."

సారు రెండుసార్లు చదివారు. పొద్దుట్నుంచి అప్పటికే మూడు ఉల్లంఘనలు జరిగిపోయాయి. నాలుగోది తరుముకొస్తోంది. సంతకం పెట్టేశారు.

ఏడు నెలలు కదలని ఫైలు పావుగంటలో బిడే లోంచి లేచి, ముద్ర వేయించుకుని మేస్త్రీ చేతికొచ్చింది. ఆ కాగితం చూసుకుని ఆయన నిజంగానే ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని, పాత ట్యాంకు మళ్ళీ బిగించి, గొలుసు లాగాడు. మూడంతస్తులూ అదిరాయి. హాల్లో పదకొండు ముఖాలూ కళకళలాడాయి.

సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతుంటే, బెంచీకి కొత్తగా నాలుగో కాలైన ముసలాయన అడిగాడు.

"బాబూ, నీ పనెలా అయిందో మాకూ కాస్త చెప్పి పుణ్యం కట్టుకో."

మేస్త్రీ ఆయన చేతిలోని నీళ్ళసీసా వంక చూశాడు.

"అది మీరు తాగేయకండి బాబాయ్. లోపల సారు చేత తాగించండి."

ఇప్పుడక్కడ పని రోజుకి పద్నాలుగుసార్లు జరుగుతోంది. జనం సీసాలు పట్టుకుని వరసలో, తోసుకోకుండా నిలబడుతున్నారు. ఇంత ఆప్యాయత గల ప్రజల్ని ఎక్కడా చూడలేదని సారు ఒక సభలో గద్గద స్వరంతో చెప్పి, మధ్యలోనే లేచి వెళ్ళారు. నిద్రపోతున్న గుమాస్తాని లేపి నా పని సంగతేమిటని అడిగినవాడు మాత్రం ఇంతవరకు ఒక్కడూ లేడు. అంత మర్యాద తెలియని జనమా మనం? మీ ఫైలు కూడా ఆ బిడే లోనే ఎక్కడో ఉండే ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళకండి. రెండు లీటర్లదైతే మధ్యాహ్నానికల్లా పనైపోతుందట.