సన్మాన శాలువాలో మరిగిన బీరు

సింగపూరులోని బుకిట్ బటోక్ వాస్తవ్యులు, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మేనేజరు శ్రీ విశ్వేశ్వరరావుగారు స్వగృహంలో కాచిన బీరులో ఈసారి తుక్కు లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. మన ఊళ్లో ఈ పని చేస్తే సారా కాయడమంటారు, ఎక్సైజు జీపు వస్తుంది. సింగపూరులో ఇంట్లో బీరు కాచుకోవడానికి అనుమతి ఉంది కనుక, పైగా కాచేది ఐటీవారు కనుక, దీన్ని హాబీ అంటారు.

కిందటిసారి మాత్రం పరువు పోయింది. బీరు మరిగేటప్పుడు చేదుకోసం హాప్స్ అనే ఎండుపూలు వేస్తారు. ఆ పూల తుక్కు వైస్ ప్రెసిడెంటు మధుసూదనరావుగారి గొంతులో అడ్డంపడింది. ఐటీ ప్రగతిపై ఆయన ప్రసంగం దగ్గులో కలిసిపోయింది. అప్పటికి మా కంపెనీలో డెలివరీ హెడ్ పదవి ఖాళీగా ఉంది.

"గ్లాసులో తుక్కు ఆపలేనివారు కోడులో బగ్గులేం ఆపుతారండీ?" అన్నారాయన తేరుకుని. వచ్చే నెల మళ్లీ విందుకొస్తాననీ, అప్పుడు చూస్తాననీ సెలవిచ్చారు. పదవి కాస్తా తుక్కు చేతిలోకి వెళ్లింది.

పూలను గుడ్డలో మూటగట్టి మరిగించాలని విశ్వేశ్వరరావుగారు తీర్మానించారు.

"నా వంటింటి గుడ్డల మీద చెయ్యేస్తే ఊరుకోను," అన్నారు శ్రీమతి లీలావతి. "బీరువా నిండా మీ శాలువాలున్నాయిగా, అవి తగలేసుకోండి."

మాట న్యాయమైనదే. తెలుగువారి సభల్లో ఆయనకు జరగని సన్మానం లేదు. మైకు తెచ్చినందుకు ఒకటి, ఆ మైకు పనిచేసినందుకు ఒకటి, ముఖ్య అతిథి ప్రసంగం మధ్యలో లేచిపోనందుకు మరొకటి. సింగపూరు ఉక్కలో నిజంగా శాలువా కప్పుకునేవాడికి కావలసింది సన్మానం కాదు, వైద్యం.

ఎర్ర శాలువా ఎంపికైంది. పూలు అందులో గట్టిగా బిగించి మరిగించారు. తుక్కు పిసరంత బయటికి రాలేదు. చేదూ రాలేదు. రంగు మాత్రం ధారాళంగా వచ్చింది.

"డాడీ, బీర్ పింక్ అయిపోయింది లా!" అంది సింగపూరు యాసలో కూతురు ప్రణవి.

"అది ప్రీమియం ఎడిషన్," అన్నారు తండ్రిగారు. మూట విప్పి, పూలు పారబోసి, శాలువాను కిటికీ బయట వెదురుకర్రకు ఆరేశారు. ఆరాక, దులిపే ఓపిక లేక, మడతపెట్టి బీరువాలో యథాస్థానంలో పెట్టారు.

విందునాడు మధుసూదనరావుగారు గ్లాసు దీపానికెత్తి చూసి, ఒక గుక్క తాగారు. రుచి ఎలా ఉందో తెలుసుకోవడానికి మేమంతా ఆయన ముఖం చూశాము.

"తుక్కు లేదు!" అన్నారాయన.

అమృతమన్నాము. ఈ దేశంలో మమ్మల్ని ఉండనిచ్చే వర్క్ పాసులన్నీ ఆయన సంతకం మీదే నడుస్తున్నాయి.

"మిత్రులారా! లోపం లేని ఉత్పత్తి, ఇదీ మన తెలుగువాడి క్వాలిటీ! మన కొత్త డెలివరీ హెడ్‌ను ఈ సందర్భంగా సత్కరించుకోవాలి. అమ్మా, ఒక శాలువా ఉంటే ఇప్పించండి."

లీలావతిగారు బీరువాలో చేతికందింది తెచ్చారు. అక్కడక్కడా తెల్లబారిన ఎర్ర శాలువా. మధుసూదనరావుగారు దాన్ని ఒక్క విసురున విప్పి కప్పారు. నెలరోజులుగా మడతల్లో ఎండిన తుక్కంతా కొత్త డెలివరీ హెడ్‌గారి తలమీద, భుజాలమీద పొట్టులా రాలింది. పూలు కూడా చల్లించారని కొందరు మెచ్చుకున్నారు. బీరులో పడనిది ఎక్కడో ఒకచోట పడాలి కదా అని నేనూ గట్టిగా చప్పట్లు కొట్టాను.

మీకు కప్పిన శాలువాను మీరెప్పుడైనా దులిపి చూశారా? చూడకండి. మా చప్పట్లు వృథా అవుతాయి.