పెరోల్ ఆలస్యానికి గోడగడియారం

"మా ప్రభుత్వంలో ఖైదీల పెరోల్ దరఖాస్తు ఒక్కరోజు కూడా నిద్రపోదు. పొరపాటున పోయిందా, నా చేతులతో నేనే పరిహారం ఇస్తా!" అని మంత్రి శంకరయ్యగారు వనపర్తి సభలో శపథం చేశారు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టాల్సినవాళ్లు ముందే వచ్చి కూర్చున్నారు.

కొత్తకోటలో తాజ్‌బీ కూడా టీవీ ముందు చప్పట్లు కొట్టింది. ఆమె భర్త దావూద్ లారీ మెకానిక్. కొట్లాట కేసులో శిక్షపడి జైల్లో ఉన్నాడు. కూతురు ఫరా నిఖా కోసం పెరోల్‌కు పెట్టుకున్నాడు. ఆ దరఖాస్తు కదలక నిఖా ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఈ శుక్రవారం దాటితే సంబంధమే వద్దని నాగర్‌కర్నూల్ పెళ్లివారు చెప్పేశారు. అబ్బా పక్కన లేకుంటే కబూల్ అననని ఫరా మొండికేసింది.

మరునాడే విచారణకు కానిస్టేబుల్ మల్లేశ్ వచ్చాడు. ప్రభుత్వ వేగానికి తాజ్‌బీ మురిసిపోయింది.

"దావూద్ ఉన్నడా?"

"జైల్ల ఉన్నడు సార్."

"గది నాకెర్క లేదా? ఇంట్ల ఉన్నడా, లేడా?"

"లేడు."

'దరఖాస్తుదారు విచారణకు గైర్హాజరు' అని మల్లేశ్ నిజాయితీగా రాసుకుపోయాడు.

తాజ్‌బీ వనపర్తి బస్సెక్కి, పెరోల్ ఫైళ్లు చూసే ఆఫీసరు శ్రవణ్ కుమార్‌ను బతిమాలింది.

"గైర్హాజరైనోనికి హియరింగ్ ఎట్ల పెడతమమ్మా? ముందుగాల ఇంటికొచ్చి మా మల్లేశ్‌కు కనబడమను."

"ఇంటికి రానీకే గదా సార్ పెరోల్ అడుగుతుండు!"

"నువ్వు పరేషాన్ గాకు. జిల్లాల అందరికన్న లేటైన ఫైలు మీదే. ఫస్ట్ పరిహారం మీ ఆయనకే! ఇప్పుడు కదిలిస్తే ఆ లేటంత ఖరాబైతది."

శుక్రవారం రానే వచ్చింది. అదే రోజు మంత్రిగారి పరిహార సభకు కొత్తకోట ఫంక్షన్ హాలు కావాలన్నారు అధికారులు. నిఖాకు తాజ్‌బీ మాట్లాడుకున్న హాలే అది. పెళ్లి ఎదురుగా ఉన్న మసీదుకు మారింది. ఇన్నాళ్లూ దొరకని అనుమతి దావూద్‌కు ఒక్క ఫోన్‌కాల్‌తో దొరికింది. ఎస్కార్టుతో తెచ్చి వేదిక మీద కుర్చీ వేశారు. బేడీ రెండో కొస మల్లేశ్ చేతిలో ఉంది.

తాజ్‌బీ ఉరికొచ్చింది. "సార్, రోడ్డవతలనే నిఖా. జర గంతదూరం తీస్కపోండ్రి. బిడ్డ కబూల్ అనంగనే తోల్కరాండ్రి."

"పర్మిషన్ స్టేజీ దాకనే అమ్మా. రోడ్డు దాటాలంటే పెరోల్ గావాలె," అన్నాడు శ్రవణ్ కుమార్.

జుమ్మా నమాజు ముగిసింది. మంత్రిగారు రాలేదు. సాయంత్రపు అసర్ నమాజు కూడా ముగిశాక వేంచేశారు. అవతల ఖాజీ ఇక ఆగనన్నాడు. చిన్నాన్న ఉవైస్ తండ్రి స్థానంలో కూర్చున్నాడు. చివరికి ఫరా కబూల్ అన్నది పక్కనున్న తాజ్‌బీకే సరిగా వినబడలేదు. రోడ్డవతలి మైకులో మంత్రిగారు ఖైదీల హక్కుల గురించి మాట్లాడుతున్నారు.

పరిహారం గోడగడియారం. ముళ్ల వెనుక బొమ్మలో మంత్రిగారు నవ్వుతున్నారు. "ఇగ నీ టైమొచ్చింది తమ్మీ!" అని దావూద్ భుజం తట్టి ఫొటో దిగారు. జైల్లోకి గడియారం రానివ్వరు గనుక దాన్ని తాజ్‌బీ చేతిలో పెట్టారు.

ఆమె ఇల్లు చేరేసరికి పోలీసు వ్యాను వచ్చి వాకిట్లోనే ఆగింది. తాజ్‌బీకి ప్రాణం లేచొచ్చింది. జాలీలోంచి దావూద్ వేళ్లు కనబడుతున్నాయి. మల్లేశ్ దిగి, వ్యాను తాళం ఒకసారి లాగి చూసుకుని, గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"పెండ్లి ఫైలు అర్జెంటని మంత్రిసారు ఆర్డరేసిండ్రు. మళ్ల ఎంక్వైరీ. దావూద్ ఉన్నడా?"

తాజ్‌బీ వ్యాను వైపు చెయ్యి చూపింది.

"వ్యాను సంగతి గాదమ్మా. ఇంట్ల ఉన్నడా, లేడా?"

"దింపుండ్రి సార్, ఉంటడు."

"దింపాలంటే పెరోల్ గావాలె గదా!"

మల్లేశ్ పెన్ను తీశాడు. ఆమె చేతిలోని గడియారంలో టైము చూసుకుని రాసుకున్నాడు.