ముల్లు కదలని ఊరు

ప్రపంచంలోకెల్లా అతి తక్కువ కరెంటును మన అనంతపురం జిల్లా సాధించిందని మంత్రి ఈశ్వరప్పగారు 2001 జూలైలో విలేకరులను పిలిచి ప్రకటించారు. ఇందులో ప్రభుత్వ కృషి ఎంతో ఉందని కూడా అన్నారు. ఆ మాటను రైతులెవరూ కాదనలేదు.

అసలు సంగతి పాలిటెక్నిక్ లెక్చరర్ సుజాతది. నిల్వ చేసిన వేరుశనగ విత్తనంలో తేమ ఎంతుందో గింజ పగలగొట్టకుండా చెప్పే మీటరు ఒకటి ఆమె ఆరేళ్లుగా తయారు చేస్తోంది. ఎండు గింజ గుండా పారే కరెంటు ఎంతంటే, ఒక ఆంపియరును లక్ష కోట్ల ముక్కలు చేసి అందులో నాలుగు ఏరుకున్నంత. దాన్ని పట్టుకోవడానికి ఆమె సర్క్యూట్‌ను రేకు బిస్కెట్ డబ్బాలో పెట్టి బ్యాటరీలతో నడిపింది. ధర్మవరం పట్టుచీర రాపిడికి కూడా ముల్లు ఊగుతోందని కాలేజీకి నూలు చీరలే కట్టింది. శుక్రవారం హైదరాబాదు నుంచి నిపుణుల కమిటీ వస్తోంది. ముల్లు నిలకడగా నిలబడితే ల్యాబుకు గ్రాంటు. లేదంటే ఆ గదిని బ్యాలెట్ పెట్టెలకు గోడౌనుగా ఇచ్చేస్తారు.

సోమవారం మంత్రిగారు ముందుగా చూసిపోదామని వచ్చారు. వెంట మైకు సెట్టు, జనరేటరు, ఇరవై ట్యూబులైట్లు వచ్చాయి. భుజాన పట్టు శాలువా సరే సరి. ఆయన గుమ్మం దాటగానే ముల్లు చివరికంటా పోయి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

“సూసినారా, మేము రాంగానే ఎట్ల లేచిందో,” అన్నారు మంత్రిగారు విలేకరుల వైపు తిరిగి.

“అది గింజలో కరెంటు కాదు సార్,” అంది సుజాత. “ఈ వైర్లలో ఉండే కరెంటు రొద. గోడలో తీగ ఉన్నా దీనికి తెలుస్తాది. కరెంటు తీగలే లేని చోటు కావాల సార్.”

మంత్రిగారు గంభీరంగా మారిపోయారు. “అట్లాంటి ఊరు ఈ జిల్లాలో లేదమ్మా. నూటికి నూరు శాతం కరెంటు ఇచ్చేసినాము. నేనే ప్రకటించినా.”

“ఒక్క ఊరన్నా సార్?”

“ఒక్కటి ఉన్నా నా ప్రకటన ఏం గావాల?”

ఆరేళ్ల చాకిరీకి ఆ నూరు శాతం అడ్డం పడుతుందని సుజాత ఎన్నడూ అనుకోలేదు. అందరూ వెళ్లిపోతుంటే మంత్రిగారి పీఏ యేసన్న ఒక్కడే వరండాలో ఆగాడు.

“మేడం, ఉలవలదిన్నెకు పోండి. ముదిగుబ్బ నుంచి జీపులో గంట.”

“ఆడ కరెంటు లేదా అన్నా?”

“అట్ల అనగూడదు మేడం. సారు స్వయంగా స్విచ్చి వేసిన ఊరది. మీ మిషనుకు మాత్రం బాగుంటాది.”

బుధవారం ఆమె వెళ్లింది. వీధి పొడవునా స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మీద తీగ లేదు. బడి గోడకు మాత్రం పాలరాయి పలక మెరుస్తోంది. బడి ఎదురింటి తిప్పమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

“తీగ ఏమాయె పెద్దమ్మా?”

“ఓపెనింగు రోజు కట్టినారమ్మా. బడి ఎనక జనరేటరు పెట్టి ఒక బల్బు ఎలిగిచ్చినారు. ఫోటో దిగినాక, పక్కూరి ఓపెనింగుకు కావాలని తీగ చుట్టుకొని పోయినారు. నాలుగేండ్లాయ. వస్తాదిలే.”

సుజాత మీటరు పెట్టింది. ముల్లు మెల్లగా లేచి నాలుగు దగ్గర నిలబడింది, ఇక కదల్లేదు. ఆమెకు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే తిప్పమ్మ ఇంటి గోడకు పట్టిన దీపపు మసి కనిపించి, సంతోషించినందుకు సిగ్గేసింది.

శుక్రవారం కమిటీ అక్కడికే వచ్చి ముక్కున వేలేసుకుంది. దేశంలో ఏ ల్యాబులోనూ ఇంత నిశ్శబ్దం చూడలేదని రాసి, శాశ్వత పరిశోధనా కేంద్రం ఇక్కడే పెట్టాలంది. షరతు ఒక్కటే. చుట్టూ రెండు కిలోమీటర్ల మేర ఎప్పటికీ కరెంటు లైను వేయబోమని మంత్రిగారు రాసివ్వాలి.

“సార్, మరి ఈ ఊరోళ్లకు కరెంటు?” అంది సుజాత.

“వీళ్లకు ఇచ్చేసినాము గదమ్మా,” అని మంత్రిగారు సంతకం పెట్టారు. ఇచ్చిన హామీ ఇచ్చిన నిమిషంలోనే పూర్తిగా అమలు కావడం ఆయన రాజకీయ జీవితంలో అదే మొదలు.

శంకుస్థాపనకు ఆయన మూడు గంటలు ఆలస్యంగా వచ్చేసరికి పొద్దు గుంకింది. మీటరు ముల్లు ఊగుతుందని సుజాత జనరేటరు తేనివ్వలేదు. పాత పలక పక్కనే కొత్త పలక పెట్టారు. దాన్ని మంత్రిగారు పైకి చదవాలి. అక్షరాలు కనిపించలేదు. తిప్పమ్మ ఇంట్లోకి పోయి కిరసనాయిలు బుడ్డి వెలిగించి తెచ్చింది.

“ఇంకొంచెం దగ్గరికి పట్టమ్మా,” అని ఆయన గొంతు సవరించుకుని చదివారు. “ఉలవలదిన్నె గ్రామమునకు విద్యుత్ సౌకర్యము. ప్రారంభకులు, గౌరవనీయులు ఈశ్వరప్పగారు.”

“సార్, అది పాతది,” అన్నాడు యేసన్న చెవిలో.

“పేరు నాదే గదప్పా.”

అందరూ చప్పట్లు కొట్టారు. తిప్పమ్మ కొట్టలేకపోయింది. ఆమె చేతిలో దీపం ఉంది.