ఒక్క అచ్చుతప్పూ లేని నిఘంటువు

నిఘంటువు కొనడానికి ముందు చేయవలసిన పనులు: కమిటీ వేయాలి. కమిటీకి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. ఎన్నికైనందుకు ఆయన్ని అభినందించాలి. నమూనా ప్రతులు తెప్పించాలి. ఒక్కో సభ్యుడూ వాటిని మూడేసి రోజులు ఇంటికి తీసుకువెళ్ళి లోతుగా పరిశీలించాలి. రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలి. ఆ అభిప్రాయాల మీద అభిప్రాయం కోసం మళ్ళీ సమావేశం కావాలి. అన్నీ అయ్యాక, వీలుంటే, నిఘంటువు కొనాలి.

"భాష ప్రగతికి నిచ్చెన" అన్న శీర్షికతో ఈ ప్రకటనను ఫ్యాక్టరీ నోటీసుబోర్డు మీద అంటించినవాడు అక్కడి లైబ్రేరియన్. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. అందుకేనేమో, కాగితం మీద ఉన్న ప్రతి మాటా నిజమని నమ్మేవాడు.

నిచ్చెన అవసరం పడింది పదకొండు మందికి. ఫ్యాక్టరీకి రష్యా నుంచి కొత్త యంత్రం దిగింది. దాన్ని ఎలా నడపాలో చెప్పే పుస్తకాలన్నీ రష్యన్‌లోనే ఉన్నాయి. రెండు నెలల్లో ఆ భాషలో పరీక్ష పెడతామన్నారు. పాసైనవాళ్ళు యంత్రం మీదికి, తప్పినవాళ్ళు ప్యాకింగ్ సెక్షన్‌కి. ఆ పదకొండు మందిలో లేత్ మిషన్ నడిపే ఆవిడ ఉంది. అందరూ ఆమెను లేతక్క అంటారు. పేరుకే లేత, మాట మహా ముదురు.

"తమ్ముడూ, ఇరవయ్యేళ్ళు ఇనుము కోసినదాన్ని. ఇప్పుడెళ్ళి అట్టపెట్టెలకి టేపు అంటించమంటావా?" అంది లైబ్రరీ కిటికీ దగ్గర నిలబడి.

"నువ్వు తప్పవులే అక్కా."

"నీ నోటిచలవ సరే, అర్థాలు తెలియొద్దూ! క్లాసులో మాస్టారు చెప్పింది గేటు దాటేలోపే జారిపోతోంది. డిక్షనరీ ఎప్పుడొస్తుంది?"

"కమిటీ వేశారక్కా."

"అయితే రాదన్నమాట."

కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడు పర్సనల్ మేనేజరు గారు. ఎప్పుడో విమానం ఆలస్యమై రష్యా విమానాశ్రయంలో ఆరు గంటలు కూర్చున్న అనుభవం ఆయనది. రెండో ఆయన చీఫ్ ఇంజనీరు గారు. చిన్నప్పుడు రష్యన్ కథల పుస్తకాలు చదివారు, అనువాదంలో. మూడో ఆయన బయటినుంచి పిలిపించిన పండితుడు. ఆయనకు ప్రాచీన భాషలు నాలుగు వచ్చు, వాటిలో రష్యన్ లేదు. "భాషలన్నీ అక్కచెల్లెళ్ళండీ! ఒకరి ముఖం చూస్తే తక్కినవాళ్ళ పోలిక తెలిసిపోతుంది" అనేవారు. క్లాసు చెప్పే మాస్టారిని మాత్రం కమిటీలో వేయలేదు. ఆయనకు రష్యన్ వచ్చు కాబట్టి పక్షపాతం చూపిస్తారని!

మూడు నమూనాలు వచ్చాయి. మొదటిది రెండు సంపుటాలు, ఒక్కోటి ఇటుకంత. రెండోది మెత్తటి అట్టది, మాసిన ఆకుపచ్చ రంగు, నేర్చుకునేవాళ్ళ కోసమే తయారైంది. మూడోది ఎర్రటి తోలు అట్ట, బంగారు అక్షరాలు, పేజీ గుర్తుకు పట్టు రిబ్బను.

నేర్చుకునేవాళ్ళ తరఫున లేతక్కను అయిదు నిమిషాలు లోపలికి పిలిచారు. ఆమె ఆకుపచ్చది తెరిచి చూపించింది. "ఇదైతే బాగుంది సార్. మాటలో ఎక్కడ ఒత్తి పలకాలో అక్షరం మీద చిన్న గీత పెట్టారు."

"గీతలా? ఏదీ!" అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకున్నారు. "అయ్యయ్యో! ప్రతి మాట మీదా గీసేశారు! ఎవరో వాడి పారేసిన పుస్తకం మనకి అంటగట్టారన్నమాట."

"అచ్చులోనే ఉన్నాయి సార్, కావాలని..."

"గీతల పుస్తకం కొన్నామంటే ఫ్యాక్టరీ పరువేం కావాలమ్మా? తిరస్కరించాం, రాసుకోండి."

లైబ్రేరియన్ రాసుకున్నాడు. ఇటుకలు బరువని ఇంజనీరు గారు పక్కన పెట్టేశారు. ఇక ఎర్ర పుస్తకం ప్రయాణం మొదలైంది. అధ్యక్షుల ఇంట్లో మూడు రోజులన్నది వారమైంది. ఇంజనీరు గారింట్లో మరో వారం. పండితుల వారింట్లో పది రోజులు. పరీక్షకు నెల మిగిలింది. అప్పటికి అభిప్రాయాలు అందాయి.

అధ్యక్షులు: "సూటిగా ఉంది. ఎక్కడా ఒక్క అనవసరమైన మాట లేదు."

ఇంజనీరు గారు: "పై అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను. కంటికి శ్రమ కలిగించదు."

పండితులు: "ఆద్యంతం చదివాను. ఒక్క అచ్చుతప్పూ కనబడలేదు."

లైబ్రేరియన్ పొంగిపోయి ముద్ర, సిరా ప్యాడు తీసుకుని కూర్చున్నాడు. లైబ్రరీ పుస్తకానికి మొదటి పేజీలో ఒక ముద్ర, యాభై ఒకటో పేజీలో మరొకటి వేయడం ఆనవాయితీ. దొంగ మొదటి పేజీ చింపినా రెండో ముద్ర పట్టిస్తుంది. అతను యాభై ఒకటో పేజీ కోసం వెతికాడు. అంకె లేదు. వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. అంకె లేదు సరే, అక్షరమూ లేదు! మొదటినుంచి చివరిదాకా తెల్లకాగితం. అట్ట వెనక మడతపెట్టిన ఉత్తరం ఒకటి దొరికింది: "అట్ట, కుట్టు, కాగితం ఎలా ఉంటాయో చూపడానికి ఈ నమూనా. లోపలి విషయం వచ్చే ఏడాది అచ్చవుతుంది."

పుస్తకం పట్టుకుని అధ్యక్షుల గదికి పరుగెత్తాడు. "సార్, ఇందులో ఏమీ లేదు సార్!"

"ఏమీ లేకపోవడమేంటయ్యా, ముగ్గురం చదివితేనూ!"

ఆయన పుస్తకం తెరిచారు. మూశారు. "ముందు ఆ తలుపు వేసిరా" అన్నారు మెల్లగా. "దీన్ని వెనక్కి పంపితే, మీరు చదివిందేమిటని పైవాళ్ళు అడుగుతారు కదూ?"

"అడుగుతారు సార్."

"అందుకని పంపకూడదు. ఇది స్వయంబోధక నిఘంటువు. నేర్చుకున్నవాళ్ళే మాటలు రాసుకుంటారు. సరికొత్త పద్ధతి! సర్క్యులర్ టైపు చెయ్యి."

అతను టైపు చేశాడు. సంతకం పెట్టించాడు. నోటీసుబోర్డుకు అంటించాడు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఆకుపచ్చ పుస్తకం వంక చూశాడు. తిరస్కరించిన ప్రతిని ఎన్నాళ్ళలోగా వెనక్కి పంపాలో ఏ సర్క్యులరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, చెప్పని పని ఒకటి చేశాడు.

"అక్కా, ఇది దగ్గరుంచుకో. నెలాఖరుకి వెనక్కి పంపుతాను. ఇదిగో, ఎర్రది కూడా. రాసుకోవడానికే అట."

"తెల్ల పుస్తకం ఇవ్వడానికా ఇన్నాళ్ళు?" లేతక్క నవ్వింది. "పోన్లే, కాగితం మంచిదే."

భోజన విరామంలో ఒక చేత్తో తింటూ, ఆకుపచ్చదాంట్లో చూసి రెండో చేత్తో ఎర్రదాంట్లో రాసేది. యంత్రంలోని ప్రతి భాగానికీ రష్యన్ పేరు, దాని మీద ఒత్తు గీత, పక్కన ఇంగ్లీషు మాట. మిగతా పదిమందీ ఆమె చుట్టూ చేరి కాపీ చేసుకునేవారు. పరీక్షలో పదకొండు మందీ గట్టెక్కారు. లేతక్కకు మొదటి మార్కు, కొత్త యంత్రం మీద మొదటి షిఫ్టు.

కమిటీ వెంటనే సమావేశమై తనను తాను అభినందించుకుంది. నిండిన ఎర్ర పుస్తకాన్ని తీసుకుని, అట్ట మీద "కూర్పు: భాషాభివృద్ధి కమిటీ" అని ముగ్గురి పేర్లూ బంగారు అక్షరాల్లో కొట్టించి, గాజు బీరువాలో పెట్టింది.

యంత్రం ప్రారంభానికి రష్యన్ ఇంజనీరు ఒకాయన వచ్చాడు. రష్యన్ తప్ప మరో ముక్క రాదు. బీరువాలో పుస్తకం తీయించి తిరగేశాడు. ముఖం వెలిగింది. తనకు మాట్లాడే మనుషులు దొరికారనుకుని అధ్యక్షుల వైపు తిరిగి ఏదో అన్నాడు. అధ్యక్షులు చప్పట్లు కొట్టారు. ఆయన గొంతు తడుముకుంటూ మళ్ళీ అన్నాడు. ఇంజనీరు గారు ఇంకా గట్టిగా కొట్టారు. మూడోసారి కాస్త దీనంగా అన్నాడు. పండితులు తల పంకించి, "ఉచ్చారణ శ్రావ్యంగా ఉంది, కాకపోతే ఆయనది మారుమూల యాస" అని తేల్చారు. సభంతా చప్పట్లు!

యంత్రం పక్కనుంచి లేతక్క వచ్చి గ్లాసు అందించింది. "పాపం, ఇందాకట్నుంచి మంచినీళ్ళు అడుగుతున్నాడు సార్."

ఆయన గటగటా తాగి, ఆమెతో ఏదో అని నవ్వాడు. ఆమె జవాబు చెప్పింది. ఈసారి పెద్దగా నవ్వాడు.

"ఏమంటాడమ్మా?" అధ్యక్షులు చెవి దగ్గర గుసగుసగా అడిగారు.

"ఈ పుస్తకం రాసిందెవరని అడిగాడు సార్."

"నువ్వేం చెప్పావు?"

"నేనేం చెప్తాను సార్! అట్ట మీదున్న పేర్లు చదివాను."

పాఠకులారా, ఆ గాజు బీరువా ముందు ఎప్పుడైనా నిలబడితే బంగారు అక్షరాలు తప్పక చదవండి, చాలా ఖరీదైనవి. ఆ తర్వాత ఒక్క క్షణం, గ్రీజు వేళ్ళతో లోపలి మాటలన్నీ రాసిన లేతక్కను కూడా తలుచుకోండి.