టచ్‌లో ఉన్న కార్యాలయం

మా పురపాలక కార్యాలయంలో పెండింగు ఫిర్యాదు అనేది పూర్తిగా అంతరించిపోయినదని పౌరులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ ఘనకార్యానికి పైనుంచి జ్ఞాపిక కూడా వచ్చింది. కమిషనరుగారి బల్ల మీద, ఆయన మొహానికి అడ్డంగా, దాన్ని ఎవరైనా దర్శించుకోవచ్చు.

అంతకుముందు ఫిర్యాదులన్నీ కంప్యూటర్లో ఒకే డైరెక్టరీలో గుట్టగా పడి ఉండేవి. ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియదు గనక అందరూ ప్రశాంతంగా ఉండేవారు. ఇంతలో పై కార్యాలయం నుంచి హుకుం దిగింది: నెల దాటినా చెయ్యి పడని ఫైళ్లు ఏవో తేల్చి పంపండి. ఆపరేటరు కొత్తగా చేరినవాడు, మన పద్ధతులు ఇంకా వంటబట్టలేదు. నల్ల తెర మీద ‘ఫైండ్’ అని ఒక ఆజ్ఞ కొట్టాడు. నెల రోజులుగా మార్పు లేని ఫైళ్లన్నీ బిలబిలమంటూ బయటికొచ్చాయి. అంతటితో ఊరుకోకుండా ‘సార్ట్’ అని ఇంకోటి కొట్టి, అన్నిటికంటే పాతదాన్ని తెచ్చి నెత్తిన కూర్చోబెట్టాడు.

అది దర్జీ ఆవిడ ఫైలు. దుకాణం ముందు మ్యాన్‌హోల్‌కి మూత లేదనీ, ఎవరైనా పడేలోపు వేయించమనీ రాసుకుంది. మూతలకు కరువేమీ లేదు, కార్యాలయం వెనక గోడౌన్లో తుప్పు పడుతూనే ఉన్నాయి. ఇద్దరు మనుషులు, ఒక పూట చాలు. కానీ అలా ఒక్కో పనీ చేసుకుంటూ పోతే జాబితా ఎప్పటికి ఖాళీ అవుతుంది?

“ఇది ఖాళీ అయ్యే దారి చూడవయ్యా,” అన్నారు కమిషనరుగారు.

“పనులు చేస్తే ఖాళీ అవుతుంది సార్.”

“అది నాకూ తెలుసు. వేరే దారి చెప్పు.”

ఆపరేటరు బుర్ర గోక్కున్నాడు. “‘టచ్’ అని ఒకటుంది సార్. ఫైలు తెరవక్కర్లేదు, చదవక్కర్లేదు. ఊరికే అలా తాకితే చాలు, తేదీ ఇవాళ్టిదైపోతుంది. ఇక ఫైండ్‌కి దొరకదు.”

కమిషనరుగారి కళ్లు చెమర్చాయి. సర్వీసంతా తాము చెమటోడ్చి చేస్తున్న పనిని ఒక యంత్రం ఇంత శుభ్రంగా చేయగలదని ఆయన ఊహించలేదు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే సమస్త ఫైళ్లనూ తాకడం మొదలైంది. ఎంటర్ మీట ఎవరు నొక్కాలన్న దాని మీద కాస్త రగడ జరిగిన మాట నిజం. సీనియారిటీ ప్రకారం తనదే హక్కని హెడ్ క్లర్కు, సాంకేతిక విషయం గనక తనదని ఇంజనీరు పట్టుబట్టారు. ఉపసంఘం కూర్చుని వంతులు వేసింది. మీట నొక్కినవారికి ఆ రోజు మరే పనీ అప్పగించరాదని కూడా తీర్మానించింది.

దర్జీ ఆవిడ కనుక్కోవడానికి వచ్చింది. హెడ్ క్లర్కు మర్యాదగా తెర ఆవిడ వైపు తిప్పాడు.

“చూసుకోండమ్మా. ఇవాళ పొద్దున్న కూడా కదిలింది మీ ఫైలు.”

“ఫైలు కదిలితే నాకేంటండీ? గుంత అలాగే నోరు తెరుచుకుని ఉంది. రేపు ఎవరైనా పడితే?”

“పడితే అది వేరే ఫిర్యాదమ్మా. దానికి కొత్త ఫైలు తెరుస్తాం.”

మాట తప్పలేదు. వాన కురిసి వీధి ఏరైన రోజున, బయట తగిలించిన బట్టలు లోపలికి తేబోయి ఆవిడే గుంతలో పడింది. మోకాలు విరిగింది. మిషన్ తొక్కే కాలే అది. ఆ సాయంత్రమే కొత్త ఫైలు తెరిచారు. మర్నాడు పొద్దున్న దాన్నీ తాకారు.

ఆ వారంలోనే జ్ఞాపిక అందుకుంటూ కమిషనరుగారు గద్గద స్వరంతో ప్రసంగించారు: “మేము తాకని ఫైలు లేదు! ప్రతి పౌరుడి బాధనూ ప్రతి ఉదయం స్పృశిస్తున్నాం! ఇంతకంటే పాలకులకూ పాలితులకూ మధ్య సాన్నిహిత్యం ఏముంటుంది?” చప్పట్లు చాలాసేపు మోగాయి.

కాలికి కట్టుతో దుకాణంలోనే మంచాన పడ్డ దర్జీ ఆవిడకు కిటికీలోంచి గుంత కనిపిస్తూనే ఉంది. కార్యాలయం మీద ఆశ వదులుకుని, గుంత ఫోటో తీసి వీధివాళ్ల ఫోన్ గ్రూపులో పెట్టింది. ‘బడి పిల్లలు వచ్చే వేళైంది. ఎవరైనా ఒక చెక్క తెచ్చి అడ్డం వేయండి బాబూ.’

వీధి అంటే కార్యాలయం కాదు కదా, మనసున్న మనుషులుంటారు. క్షణాల్లో స్పందించారు. కొందరు బొటనవేలు చూపించారు, కొందరు ఏడుపు బొమ్మ పెట్టారు. ‘ఎంత దారుణం’ అని ఒకాయన రాస్తే ఆయనకూ బోలెడు బొటనవేళ్లు వచ్చాయి. పక్కింటి వడ్రంగి ఏకంగా రెండు పెట్టాడు.

చెక్క మాత్రం రాలేదు. చివరికి ఆవిడే గోడ పట్టుకుని కుంటుకుంటూ వెళ్లి, గుడ్డ కత్తిరించే బల్ల పైచెక్క ఊడదీసి, ఈడ్చుకొచ్చి గుంత మీద వేసింది. ఈడుస్తుండగా ఎవరో డాబా మీద నుంచి వీడియో తీసి పెట్టారు. అది ఊరంతా తిరిగింది. మీకూ వచ్చే ఉంటుంది. లైకు కొట్టారు కదా?